రొమ్ములో గడ్డ, పాత మెలనోమా: ‘ట్రిపుల్ నెగటివ్’ రిపోర్టును మళ్లీ ఎప్పుడు చూడాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అక్కకి 46 ఏళ్లు. ఏడేళ్ల కిందట వీపు మీద పుట్టుమచ్చ రంగు మారితే తీయించారు, మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలింది. అంచులు శుభ్రంగా వచ్చాయన్నారు కాబట్టి అంతటితో అయిపోయిందనుకున్నారు. ఇప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది, చంకలో ఒక గ్రంథి కూడా వాచింది. సూది బయాప్సీ రిపోర్టులో ‘హై గ్రేడ్ కార్సినోమా (కణాలు బాగా వికృతంగా మారిన క్యాన్సర్), ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ నెగటివ్’ అని రాశారు. రొమ్ము క్యాన్సర్ కణాల మీద వెతికే మూడు రిసెప్టర్లు ఇవి, మూడూ లేకపోతే ‘ట్రిపుల్ నెగటివ్’ అంటారు. వచ్చే వారం కీమో మొదలుపెట్టాలి. ఈలోగా ఇంకో డాక్టరు ‘ఇది పాత మెలనోమానే కావచ్చు, స్లైడ్లు మళ్లీ చూపించండి’ అన్నారు. ఎవరి మాట నమ్మాలి, ఆగితే ప్రమాదమా అన్నది మీ ప్రశ్న.

నేను పాథాలజిస్టుని, అంటే తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు చెప్పే డాక్టర్ని. రొమ్ము బయాప్సీలు చదవడమే చాలా ఏళ్లుగా నా రోజువారీ పని. మీ అక్క స్లైడు నేను చూడలేదు కాబట్టి అది ఏమిటో చెప్పలేను. కానీ ఆ రెండో డాక్టరు అడిగిన ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. దానికి జవాబు వచ్చాకే మొదటి కీమో ఇవ్వమని మీ ఆంకాలజిస్టుని (క్యాన్సర్ డాక్టర్ని) గట్టిగా అడగండి. ఉన్న బ్లాకు (బయాప్సీ ముక్కని మైనంలో పెట్టి దాచింది) మీదే అదనపు పరీక్షలు చేయొచ్చు, మామూలుగా కొద్ది రోజుల పని. గడ్డ ఎప్పుడు మొదలైందో తెలియని పరిస్థితిలో ఆ కొద్ది రోజులు ఆగడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు. ఊపిరి ఆడకపోవడం, తీవ్రమైన తలనొప్పి లాంటివి ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు వెంటనే చూపించాలి.

మొదటి రిపోర్టు రాసినవాళ్లు అజాగ్రత్తగా రాశారని అనుకోకండి. రొమ్ములో కనిపించే క్యాన్సర్లలో దాదాపు అన్నీ అక్కడ పుట్టినవే. వేరే చోట నుంచి వచ్చి అక్కడ గడ్డ కట్టేవి మామూలుగా నూటికి ఒకటో రెండో. లింఫోమా లాంటి రక్తసంబంధ క్యాన్సర్లను పక్కన పెడితే, అలా బయటి నుంచి వచ్చేవాటిలో ముందు వరుసలో ఉండేది మెలనోమానే. రోజూ పదుల కొద్దీ రొమ్ము బయాప్సీలు చూసే కంటికి ఇంత అరుదైనది మొదటి ఆలోచనగా రాదు. ఎవరో ఒకరు గుర్తుచేయాలి. ఆ గుర్తుచేసే సమాచారం మీ దగ్గరే ఉంది: వీపు మీద తీసిన ఆ మచ్చ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాత మెలనోమా ఉన్నంత మాత్రాన ఈ గడ్డ మెలనోమా అయిపోదు. రొమ్ము క్యాన్సర్ చాలా ఎక్కువమందికి వచ్చే జబ్బు, మెలనోమా వచ్చి తగ్గినవాళ్లకీ వస్తుంది. రెండూ విడివిడిగా వచ్చిన మనుషుల్ని నేను చూశాను. కాబట్టి ఏది అనేది ఊహతో తేల్చేది కాదు, కణాల మీదే తేలాలి.

స్కానులో ఎందుకు తెలియలేదని అడిగారు. రొమ్ములోనే పుట్టిన క్యాన్సర్ చుట్టూ ఉన్న కణజాలాన్ని గట్టిపరుస్తూ, లోపలికి లాక్కుంటూ పెరుగుతుంది. అందుకే మామోగ్రామ్‌లో తరచుగా ముళ్లముళ్లుగా కనిపిస్తుంది, చర్మమో చనుమొనో లోపలికి లాగినట్టు అవుతుంది. చేతికి తగిలే గడ్డ కూడా ఫిలింలో కనిపించేదానికన్నా పెద్దగా ఉంటుంది. బయటి నుంచి వచ్చినది అలా కాదు. రక్తంలో కొట్టుకొచ్చి ఒకచోట కూర్చుని, చుట్టుపక్కల్ని పక్కకి నెట్టుకుంటూ గుండ్రంగా పెరుగుతుంది. అంచులు నున్నగా ఉంటాయి, సున్నపు చుక్కలు సాధారణంగా ఉండవు, చేతికి ఎంత తగిలితే ఫిలింలోనూ అంతే. అల్ట్రాసౌండ్‌లో ఒక్కోసారి ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అనో, సిస్టు (నీటి తిత్తి) అనో కూడా అనిపిస్తుంది. చిక్కేమిటంటే ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ కూడా చాలాసార్లు ఇలాగే గుండ్రంగా, నున్నగా, సున్నం లేకుండా వస్తుంది. స్కాను అనుమానం కలిగించగలదు, అంతకుమించి చెప్పలేదు.

చంకలో గ్రంథి వాచింది కాబట్టి ఇది రొమ్ముదే అన్నారని రాశారు. ఆ మాట మీద అంత బరువు పెట్టకండి. వీపు పైభాగం, చెయ్యి, ఛాతీ, వీటి చర్మం నుంచి లింఫు వెళ్లేది కూడా అదే చంకకి. వీపు మీద మెలనోమా ఉన్న మనిషికి చంకలో గ్రంథి వాస్తే అది రెండింటికీ సరిపోయే గుర్తు.

ఇక అసలు విషయం మైక్రోస్కోపు కింద ఉంది.

మెలనోమా అంటే నల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. పాకిన మెలనోమాలో రంగు అసలు లేకపోవడం మామూలే. అప్పుడు కనిపించేవి పెద్ద పెద్ద కణాలు, కేంద్రకం మధ్యలో ఎర్రటి చుక్కలాంటి పెద్ద న్యూక్లియోలస్, విపరీతంగా విడిపోతున్న కణాలు. హై గ్రేడ్ రొమ్ము క్యాన్సరూ సరిగ్గా ఇలాగే ఉంటుంది. తేడాలు ఉన్నాయి గానీ చిన్నవి: మెలనోమా కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండవు, గొట్టాల్లా అమరవు, కొన్నిటి కేంద్రకంలో బుడగ పెట్టినట్టు ఒక ఖాళీ కనిపిస్తుంది. రొమ్ములోనే పుట్టిందనడానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం పాలనాళం లోపల ఇంకా బయటపడని దశలో ఉన్న క్యాన్సర్, అంటే డీసీఐఎస్. అది కనిపిస్తే చాలావరకు వాదన అయిపోయినట్టే. కానీ సూది బయాప్సీలో వచ్చేది అగ్గిపుల్లంత సన్నటి ముక్కలు. అందులో డీసీఐఎస్ కనపడకపోతే అది లేదని కాదు, ఆ ముక్కలోకి రాలేదని మాత్రమే.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు జరిగింది ఒకటి చెప్తాను. ఇప్పటికీ మర్చిపోలేదు. ఒకావిడ రొమ్ము బయాప్సీ వచ్చింది. దరఖాస్తు మీద ‘రొమ్ములో గడ్డ’ అన్న రెండు మాటలు తప్ప ఇంకేం లేవు. కణాలు పెద్దవి, వికారంగా ఉన్నాయి. మూడు రిసెప్టర్లూ నెగటివ్ వచ్చాయి. హై గ్రేడ్ కార్సినోమా అని సంతకం పెట్టాను. కీమో ఇచ్చారు. గడ్డ తగ్గలేదు సరికదా, కొన్ని నెలలకి పొట్ట మీద చర్మం కింద ఒక బొడిపె లేచింది. దాన్ని కోసి పంపితే లోపల నల్లగా ఉంది. పాత స్లైడు తీయించి మళ్లీ పెట్టుకుని చూశాను. ముక్క చివర, ఒక మూల, నాలుగైదు కణాల్లో పొడి చల్లినట్టు సన్నటి గోధుమరంగు రేణువులు. మొదటిసారి కూడా నేను వాటిని చూశాను. సూది గుచ్చినప్పుడు కారిన పాత రక్తం అనుకుని వదిలేశాను. ఆవిడని అడిగితే ఎన్నో ఏళ్ల కిందట మడమ మీద నల్లమచ్చ తీయించుకున్నానని చెప్పింది. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాలి మచ్చకీ రొమ్ము గడ్డకీ సంబంధం ఉంటుందని ఏ మనిషికి తోస్తుంది?

ఆ రోజు నుంచి ట్రిపుల్ నెగటివ్ వచ్చి, డీసీఐఎస్ కనపడని ప్రతి కేసులో రిపోర్టు మీద సంతకం పెట్టేముందు సర్జన్‌కి ఫోన్ చేసి అడుగుతున్నాను: ‘ఇంతకుముందు శరీరంలో ఎక్కడైనా మచ్చ గానీ గడ్డ గానీ తీశారా?’ గోధుమరంగు కనిపిస్తే ఊహించను. పెర్ల్స్ స్టెయిన్ అనే రంగు వేస్తే రక్తం తాలూకు ఇనుము నీలంగా మారుతుంది, మెలనిన్ (మెలనోమా కణాల్లో ఉండే చర్మపు రంగు పదార్థం) మారదు. ఫోంటానా-మాసన్ స్టెయిన్‌లో మెలనిన్ నల్లబడుతుంది.

మీరు పంపిన రిపోర్టులో నన్ను ఆపిన మాట ‘మూడూ నెగటివ్’. ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి చేసేవి. ఆ కణం రొమ్ముదా కాదా అని తేల్చడానికి కాదు. మెలనోమా మీద వేసినా, చాలా ఊపిరితిత్తుల క్యాన్సర్ల మీద వేసినా ఆ మూడూ నెగటివే వస్తాయి. అసలైన రొమ్ము క్యాన్సర్లలో కూడా 10 నుంచి 15 శాతం ట్రిపుల్ నెగటివే. కాబట్టి అది నిజమైన జబ్బే, తరచుగా వచ్చేదే. కానీ ఆ మాట ఈ కణాల్లో ఏం లేదో చెబుతోంది, ఏం ఉందో చెప్పడం లేదు. ఉన్నదేమిటో చూపించే పరీక్ష మీ రిపోర్టులో ఒక్కటీ కనపడలేదు. విడిగా చేశారేమో అడగండి.

ఆ పరీక్షల్నే ఐహెచ్‌సీ అంటారు. కణంలో ఫలానా ప్రోటీన్ ఉంటే అక్కడ రంగు పడుతుంది. అలా వెతికే ప్రోటీన్లనే మార్కర్లు అంటాం. ఇందులో ముందుగా చూడాల్సింది సైటోకెరాటిన్, క్లుప్తంగా కెరాటిన్. రొమ్ము క్యాన్సర్ ఎంత చెడ్డదైనా ఎక్కడో ఒకచోట కెరాటిన్ చూపిస్తుంది. మెలనోమా సాధారణంగా చూపించదు. ఒకే రకం కెరాటిన్ వేసి నెగటివ్ అని వదిలేయకూడదు, రెండు మూడు రకాలు వెయ్యాలి. మెలనోమా వైపు నుంచి చూసేవి ఎస్-100, సాక్స్-10, మెలాన్-ఏ, హెచ్‌ఎంబీ-45. రొమ్ము వైపు నుంచి గాటా-3, టీఆర్‌పీఎస్-1.

ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు కూడా కాలు జారే చోటు ఒకటి ఉంది. ఎస్-100, సాక్స్-10 రెండూ మెలనోమాని పట్టుకోవడంలో చాలా నమ్మకమైనవి, దాదాపు అన్ని మెలనోమాలూ వీటికి పాజిటివ్. కానీ దీన్ని తిరగేసి చదవకూడదు. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్లలో సగానికి అటూ ఇటూగా సాక్స్-10 పాజిటివ్ వస్తాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లు ఎస్-100 కూడా చూపిస్తాయి. అంటే పాత మెలనోమా కథ విని, సాక్స్-10 ఒక్కటే వేసి, పాజిటివ్ చూసి ‘మెలనోమానే’ అని రాసేస్తే అదీ మొదటిదానంత పెద్ద తప్పే. అప్పుడు నయం కాగలిగిన రొమ్ము క్యాన్సర్‌ని పాకిన మెలనోమాగా లెక్కేసినట్టు అవుతుంది. ఆ తప్పు వైపు కూడా మీరు కన్నేసి ఉంచాలి.

మెలాన్-ఏ, హెచ్‌ఎంబీ-45 అలా కాదు. ఇవి రొమ్ము క్యాన్సర్లో సాధారణంగా కనపడవు, కాబట్టి బలంగా పాజిటివ్ వస్తే గట్టి సాక్ష్యం. అయితే కొన్ని మెలనోమాలు పాకేకొద్దీ వీటిని పోగొట్టుకుంటాయి, అందుకని నెగటివ్ వస్తే మెలనోమా కాదని చెప్పడానికి లేదు. గాటా-3 రొమ్ముకి మంచి గుర్తే అయినా ట్రిపుల్ నెగటివ్‌లో తరచు బలహీనపడుతుంది. ఆ లోటుని టీఆర్‌పీఎస్-1 చాలావరకు తీరుస్తోంది. అది ట్రిపుల్ నెగటివ్‌లో కూడా బాగా నిలబడుతుంది, మెలనోమాలో సాధారణంగా రాదు. ఇన్ని మినహాయింపులు ఉన్నాయి కాబట్టే ఏ ఒక్క మార్కరునీ నమ్ముకోకుండా రెండు వైపులవీ కలిపి వేసి, మొత్తం బొమ్మ ఎటు మొగ్గుతోందో చూస్తాం. కెరాటిన్లు నెగటివ్, టీఆర్‌పీఎస్-1 నెగటివ్, సాక్స్-10తో పాటు మెలాన్-ఏ పాజిటివ్ అంటే నేను మెలనోమా అని ధైర్యంగా రాస్తాను. కెరాటిన్ కణం కణంలో పాజిటివ్, టీఆర్‌పీఎస్-1 పాజిటివ్, మెలాన్-ఏ నెగటివ్ అంటే సాక్స్-10 ఎంత మెరిసినా అది రొమ్ముదే.

ఇంకో చిన్న విషయం, ల్యాబులో ఉన్నవాళ్లకి పనికొస్తుంది. ఐహెచ్‌సీలో మామూలుగా వాడే రంగు గోధుమ. మెలనిన్ కూడా గోధుమే. కణాల్లో రంగు నిండుగా ఉంటే ఏది మార్కరు, ఏది మెలనిన్ అని కన్ను మోసపోతుంది. అలాంటప్పుడు గోధుమకి బదులు ఎర్ర క్రోమోజెన్ (ఎర్రగా పడే రంగు) వాడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం మిగిలితే బీరాఫ్ జన్యువు చూడాలి. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగం దాకా బీరాఫ్ మార్పు ఉంటుంది, అందులో ఎక్కువభాగం వీ600ఈ అనే రకం. రొమ్ము క్యాన్సర్లో అది చాలా అరుదు. వీపు మీద తీసిన పాత ముక్కలోనూ, ఇప్పటి రొమ్ము ముక్కలోనూ అదే మార్పు ఉంటే ఇక పెద్దగా వాదించేది ఉండదు. ఇది మందు ఎంచుకోవడానికి కూడా కావాలి కాబట్టి వృథా పరీక్ష కాదు.

ఏడేళ్ల తర్వాత, అంచులు శుభ్రంగా ఉన్నా, ఎలా వస్తుందని మీరు బాధగా అడిగారు. అంచులు శుభ్రం అంటే మచ్చ ఉన్నచోట ఏమీ మిగల్లేదని. అప్పటికే కొన్ని కణాలు రక్తంలోకో లింఫులోకో జారి ఉంటే ఆ మాట వాటి గురించి ఏమీ చెప్పదు. మెలనోమా పదేళ్లు దాటాక కూడా తిరిగి వచ్చిన సందర్భాలు వైద్యంలో తెలిసినవే. పాత రిపోర్టులో ‘బ్రెస్లో మందం’ అని మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపించిన కొలత అది, చర్మంలో ఎంత లోతుకి దిగిందో చెబుతుంది. 1 మిల్లీమీటరు లోపు అయితే తిరిగి వచ్చే అవకాశం తక్కువ, 4 దాటితే బాగా ఎక్కువ. తక్కువ అంటే సున్నా అని మాత్రం కాదు. మీ అక్కగానీ మీరుగానీ ఏదో అశ్రద్ధ చేశారని దయచేసి అనుకోకండి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం: పాత మెలనోమా చరిత్ర లేకపోయినా ఈ ప్రశ్న రావచ్చు. సుమారు 3 శాతం మెలనోమాల్లో మొదటి మచ్చ ఎక్కడుందో దొరకనే దొరకదు, చాలాసార్లు అది దానంతటదే చెరిగిపోయి ఉంటుంది. చర్మం ఛాయ ముదురుగా ఉన్నవాళ్లలో మెలనోమా ఎక్కువగా అరికాలు, అరచెయ్యి, గోరు కిందే వస్తుంది. దాన్ని దెబ్బ తగిలిన గుర్తు అనో, ఆనె అనో వదిలేస్తారు. అందుకే డాక్టరు అడిగేటప్పుడు ‘క్యాన్సర్ ఉండేదా’ అని కాకుండా ‘ఎప్పుడైనా మచ్చ, ఆనె, గోరు తీయించారా’ అని అడగాలి. చర్మపు క్యాన్సర్లలో మెర్కెల్ సెల్ కార్సినోమా, స్వేదగ్రంథుల క్యాన్సర్లు కూడా ఇలాంటి తికమక పెడతాయి. స్వేదగ్రంథులవైతే రొమ్ము క్యాన్సర్‌తో దాదాపు ఒకే మార్కర్లు చూపించి మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడతాయి. మీ అక్క విషయంలో అవి ఆలోచించనక్కర్లేదు.

పేరు మారితే ఏం మారుతుంది? దాదాపు అంతా మారుతుంది. ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ ఇంకా పాకకపోతే కీమో, ఆపరేషన్, అవసరమైతే రేడియేషన్, వీటి లక్ష్యం పూర్తిగా నయం చేయడం. పాకిన మెలనోమా మీద ఆ కీమో మందులు పెద్దగా పనిచేయవు. రొమ్ము మొత్తం తీసేయాల్సిన అవసరం కూడా సాధారణంగా ఉండదు. తీయాల్సి వస్తే ఆ గడ్డ వరకే. మెలనోమాకి ముఖ్యమైన చికిత్స ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి మళ్లించే మందులు. బీరాఫ్ మార్పు ఉంటే డబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ లాంటి మాత్రలు ఉన్నాయి. 2011లో ఇపిలిముమాబ్ అనే ఇమ్యునో మందు రాకముందు పాకిన మెలనోమా అంటే చాలామందికి నెలల లెక్కే. తర్వాత ఇపిలిముమాబ్‌తో నివోలుమాబ్ అనే ఇంకో ఇమ్యునో మందు కలిపి ఇచ్చిన పెద్ద ట్రయల్‌లో పదేళ్ల తర్వాత నూటికి 43 మంది బతికి ఉన్నారు. ఈ అంకె మీ అక్క విషయంలో ఏం జరుగుతుందో చెప్పదు. కానీ ‘మెలనోమా అని తేలితే ఇక అంతేనా’ అని మీరు రాసిన మాటకి ఇది నా జవాబు: అంతే కాదు, సరైన పేరు తెలియకుండా ఆ మందులు ఆవిడ దాకా చేరవు. ట్రిపుల్ నెగటివ్‌లో కూడా కొందరికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునో మందు ఇస్తారు గనుక ‘ఎలాగూ ఆ మందే కదా’ అని ఎవరైనా అనొచ్చు. ఇచ్చే పద్ధతి వేరు, దానితో కలిపే మందులు వేరు, ఆపరేషన్ నిర్ణయం వేరు.

స్కాన్ల లెక్క కూడా మారుతుంది. మెలనోమా అని తేలితే ఒళ్లంతా చూసే పెట్-సీటీతో పాటు మెదడు ఎమ్మారై తప్పకుండా అడగండి. మెలనోమాకి మెదడు వైపు వెళ్లే గుణం ఉంది, పెట్-సీటీలో మెదడులోని చిన్న మచ్చలు సరిగ్గా కనపడవు.

రేపు చేయాల్సిన పని ఒకటే. ఏడేళ్ల కిందటి ఆ మచ్చ బయాప్సీ రిపోర్టు వెతకండి. అది దొరక్కపోతే డిశ్చార్జి సమ్మరీ అయినా సరే. రిపోర్టు పైభాగంలో ఒక బయాప్సీ నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని అప్పట్లో పరీక్ష చేసిన ల్యాబుకి వెళ్లి మైనపు బ్లాకు, స్లైడ్లు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. చాలా ల్యాబులు బ్లాకులు ఏళ్ల తరబడి దాచిపెడతాయి. రొమ్ము బయాప్సీ బ్లాకు కూడా తీసుకోండి, స్లైడ్లు మాత్రమే చాలవు, కొత్త మార్కర్లు వేయడానికి బ్లాకే కావాలి. రెండూ ఒకే పాథాలజిస్టు చేతికి, ఒకే రోజు, పాత రిపోర్టు జిరాక్సుతో సహా ఇవ్వండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, రెండూ ఒకే జబ్బు అయితే చాలాసార్లు మొదటి అయిదు నిమిషాల్లోనే మాకు పోలిక తెలిసిపోతుంది. మార్కర్లు దాన్ని ఖాయం చేస్తాయి. పాత బ్లాకు దొరకడం ఆలస్యమైతే దానికోసం ఆగకండి, రొమ్ము బ్లాకు మీద పరీక్షలు ముందు మొదలుపెట్టించండి. రిపోర్టు వచ్చాక అందులో ఏ మార్కరు పాజిటివ్, ఏది నెగటివ్ అని రాశారో ఇక్కడ రాయండి, చదివి చెప్తాను.